గ్లూకోజ్ డబ్బాలో మందు

అమ్మా, సలాం. ఫోన్లో నీకినపడాలని అరిస్తే వీధంతా వింటాది, అందుకే జాబు రాస్తాండా. నీ మనవరాలు రిజ్వానా స్కూలోళ్ళతో గండికోట టూరుకు పోయుండాది. దానికి దొడ్డికి సరిగ్గా రాదు కదా, ఎవురూ నవ్వకూడదని ఆ మందుపొడి గ్లూకోజ్ డబ్బాలో పోసిచ్చినా. నిన్న ఎండలో దాని స్నేహితురాలు శ్రీవాసవి దూపయితాందంటే, ఆ మందు కలిపిన నీళ్ళే సగం బాటిల్ తాపిందంట! "దూపన్నోళ్ళకు లేదనగూడదని జేజి చెప్పింది కదమ్మా" అని నీ మాటే నాకు చెప్తాది ఫోన్లో. ఆ పిల్లకేమన్నా అయితే ఎట్లని టీచరమ్మకు ఉన్నమాట చెప్పేసినా. శ్రీవాసవి బాగనే ఉండాదంట గానీ, గుట్టు బయటపెట్టినానని రిజ్వానా నాతో పలకడంలే.

ఆదివారం ఇంటికొస్తాది, నువ్వు రా. బొప్పాయి కాయ ఒకటి తే. అడిగినోళ్ళకియ్యమని నేర్పింది నువ్వు, దాయమని నేర్పింది నేను. నా పక్కన కూర్చోదు, నీ పక్కనైతే కూర్చుంటాది. దువా చెయ్యి.

గౌసియా, కల్లూరు