రంగు వేసిన డ్రమ్ములు

చిట్టి చెల్లీ,

ఈ వారం కూరగాయల సంచి రాలేదేమిటని అనుకోకు. బస్సు డ్రైవరు బాబాయి చేత ఈ ఉత్తరం ఒక్కటే పంపుతున్నాను. ముందు ఒక పని చెయ్యి. నేను పంపిన టమాటాలు, పాలకూర, వంకాయలు ఇంట్లో ఏవి మిగిలినా తీసి పారెయ్యి. ఒక్క ముక్క కూడా నోట పెట్టకు. పారేశాకే మిగతాది చదువు.

డాబా మీద నేను మొక్కలు పెంచుతున్న డ్రమ్ములు చూశావుగా. మీ బావ పాత సామాన్ల కొట్లో కొని, సగానికి కోయించి, నాకు ముచ్చటగా ఉంటుందని ఆకుపచ్చ రంగు వేయించి తెచ్చారు. మొన్నటి ఎండలకి ఆ రంగు పొరలుగా లేచింది. నీళ్ళు పోస్తూ పోస్తూ ఒక పెచ్చు గోటితో లాగాను. కింద ఎర్రగా పుర్రె బొమ్మ. ఇంకో డ్రమ్ము గీకి చూశాను. దాని మీదా అదే.

కొట్టు వాడి దగ్గరికి పరిగెత్తాను. "అవి చెదల మందు డ్రమ్ములమ్మా. కడిగే ఇచ్చాను. చెత్త వేసుకోడానికనుకున్నా, మొక్కలకని సారు చెప్పలేదే!" అన్నాడు. మీ బావ "ఊరికే కంగారుపడకు, కడిగానంటున్నాడుగా" అన్నారు. అన్నారే గానీ, ఆ పూట కంచం ముందు కూర్చుని కూర వైపు చూసి, చెయ్యి కడిగేసుకున్నారు.

మేమూ తిన్నాం. మా సంగతి వదిలెయ్. నువ్వు ఇన్నేళ్ళకి నీళ్ళోసుకున్నావు. బయటి కూరలకి ఏ మందులు కొడతారోనని, నేను పండించినవే తినాలని నీ చేత ఒట్టు వేయించుకున్నదాన్ని నేనే. కడుపులో బిడ్డ కదులుతోందా? నిన్న ఫోను చేసింది ఆ మాట అడగడానికే. నీ గొంతు వినగానే చెప్పే ధైర్యం చాలక, "టమాటాలు అందాయా?" అని మాత్రం అడిగాను. "అందాయక్కా, భలే ఉన్నాయి" అన్నావు. అప్పటినుంచి నా ప్రాణం ప్రాణంలో లేదు. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. చెదల మందు సంగతి దాచకుండా చెప్పు.

నీ
అక్క


అక్కా,

ముందు గుండె దిటవు చేసుకో. నేను తినలేదు. ఒక్క టమాటా కూడా తినలేదు. నెల తప్పినప్పటి నుంచి ఆ పచ్చి వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. నువ్వు బాధపడతావని అబద్ధం చెప్పాను. వచ్చిన సంచి వచ్చినట్టే, పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడకి ఇచ్చేదాన్ని. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లలు.

నీ ఉత్తరం చదివి నేను మొదట అన్న మాట "హమ్మయ్య!". గోడ అవతల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. చిన్నది కడుపునొప్పితో బడి మానేసిందని ఆవిడ అంతకు ముందే నాతో చెప్పింది. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. నీ దగ్గర దాపరికమెందుకు, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని కూడా అనిపించింది. గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

చెప్పాను. ఆవిడ తిట్టలేదు. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి, "ఎన్నాళ్ళ నుంచి ఇస్తున్నారివి?" అంది. ఆవిడే వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. పిల్లలిద్దరినీ తీసుకుని ఆస్పత్రికి పోయాం. రక్తం తీస్తుంటే చిన్నది నా చెయ్యే గట్టిగా పట్టుకుంది. వాళ్ళమ్మ చూసి, మెల్లగా ఆ చెయ్యి విడిపించి తన చేతిలోకి తీసుకుంది. రిపోర్టు వచ్చేదాకా నాకు కంటి మీద కునుకు లేదు.

రక్తంలో ఏమీ తేలలేదక్కా. కడుపునొప్పి నులిపురుగుల వల్లట. అయినా నెల పోయాక మళ్ళీ తీసుకురమ్మన్నారు. నువ్వూ బావా కూడా పరీక్ష చేయించుకోండి. బావ ఊరికే కంగారంటే వినకు. ఆ డ్రమ్ములు ఎవరికీ ఇవ్వొద్దు, చెత్తకి కూడా.

రిపోర్టు వచ్చిన సాయంత్రం కొట్లో పళ్ళు కొని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ సంచి అందుకోలేదు. "ముందు మీరొకటి తినండి" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

తిన్నాను. ఆవిడా, పిల్లలిద్దరూ, నేను మింగేదాకా నా నోటి వైపే చూశారు.

నీ
చెల్లి