నా మీద నమ్మకం లేదనండి!

నార్తంబర్లాండ్, 3 జూలై 2017

అమ్మా ఎడ్నా,

నా పక్క మడిలోనే ఉన్నావు గానీ, సెక్రటరీని ఏదడిగినా కాగితం మీదే అడగాలన్న రూలు నేను పెట్టిందే కదా. మన లీకు ఉల్లికాడల క్లబ్బు ప్రెసిడెంటు ఎన్నిక 2020 దాకా ఆగకుండా ఇప్పుడే జరపాలని, కేవలం క్లబ్బు మేలు కోరి అడుగుతున్నాను. ప్రెసిడెంటు తన పంటను లావు కాడల పోటీకి పెట్టకూడదు. ఈసారి నా కాడ నా ముంజేయంత లావుంది. ఇక మీదట మడి తవ్వితే గుండె ఆగుతుందని డాక్టరు అన్నాడు. ఎనభై ఒక్కేళ్ళొచ్చాయి, మొదటి బహుమతి ఎరగను.

ఇట్లు,
కత్‌బర్ట్ రాబ్సన్, ప్రెసిడెంటు

తా.క.: కాడ సంగతి ఎవరికీ చెప్పకు.

10 జూలై

ప్రెసిడెంటు గారికి నమస్కారాలు.

పూర్వం ఏ ప్రెసిడెంటైనా తన కాడ లావెక్కిన ఏడాదల్లా ఎన్నిక పెట్టించి, కుర్చీ దిగి, పోటీలో నిలబడేవాడు. అది ఆపాలనే, ఐదేళ్ళకోసారే ఎన్నికలన్న పార్లమెంటు చట్టం చూసి, మీరే 2015లో మనకూ ఐదేళ్ళ రూలు రాశారు. రాజీనామా చేస్తే రెండేళ్ళు పోటీకి రాకూడదనీ రాశారు. ముందస్తు ఎన్నికకు పన్నెండు మందిలో ఎనిమిది చేతులు లేవాలి. నిన్న ఒకటే లేచింది. అది మీదే.

విధేయురాలు,
ఎడ్నా చార్ల్‌టన్, సెక్రటరీ

తా.క.: నేనెవరికీ చెప్పలేదు. అందరూ మీ కంచె మీంచి చూసే వెళ్తున్నారు.

17 జూలై

ఎడ్నా,

ఏప్రిల్‌లో లండన్‌లో పార్లమెంటు ముందస్తు ఎన్నికకు అవతలి పార్టీవాళ్ళు కూడా సరేనన్నారు. మనవాళ్ళకు ఆపాటి మర్యాద లేదు. సరే, రెండో దారి ఉందిగా, అవిశ్వాసం. దానికి సగానికి ఒక్కరు ఎక్కువైతే చాలు, దిగాక రెండేళ్ళు ఆగాలన్న రూలూ లేదు. నా మీద నేనే పెడుతున్నాను. కారణం: సమావేశాల్లో నిద్రపోతాను.

కత్‌బర్ట్

తా.క.: మిగతా తప్పులు నువ్వే చేర్చు. మొహమాటపడకు.

7 ఆగస్టు

ప్రెసిడెంటు గారికి,

తీర్మానం పదకొండు–ఒకటితో వీగిపోయింది. నిరుడు కప్పు గెలిచిన విల్ఫ్ లేచి, "ఆయన్ని మించిన ప్రెసిడెంటు దొరుకుతాడా! 2020 దాకా కదలనిచ్చేది లేదు" అన్నాడు. ప్రెసిడెంటును అంత మాట అన్నందుకు సభ్యులు మిమ్మల్ని మందలించారు.

ఎడ్నా

తా.క.: మీకు టీ కెటిల్ బహూకరించారు.

14 ఆగస్టు

ఎడ్నా,

ఇది సభలో చదువు. విల్ఫ్ కాడ మా ఆవిడ జడపిన్నంత లేదు. మిగతావాళ్ళు పండించేది గడ్డి. వాళ్ళ కెటిల్ కారుతోంది.

కత్‌బర్ట్

తా.క.: గట్టిగా చదువు. విల్ఫ్‌కు ఎడమ చెవి వినపడదు.

5 సెప్టెంబరు

మాజీ ప్రెసిడెంటు గారికి,

మీ ఉత్తరం చదివిన రోజే, ఆగస్టు 21న, అవిశ్వాసం నెగ్గింది. ఒక్కరూ కాదనలేదు. అయితే మీరు ఒక లెక్క మరిచారు. పద్నాలుగు రోజుల్లో కొత్త ప్రెసిడెంటు మీద నమ్మకం కుదరకపోతేనే ఎన్నిక. ఆ ఎన్నిక అక్టోబరుకు గానీ రాదు, అందాకా కుర్చీ మీదే. పోటీ చూస్తే ఈ నెల పదహారున! ప్రెసిడెంటుగా ఉండమని ఎవర్నడిగినా "మరి నా కాడో?" అన్నారు. పదమూడో రోజున నేనే ఒప్పుకున్నాను. సభ సరేనంది. ఇక మీరు పోటీ చేయండి.

రూలు ప్రకారం నా కాడ పోటీకి రాదు కాబట్టి పీకేశాను. కాసేపు ఏడ్చాను కూడా. నాకు ఇంకా ఏళ్ళున్నాయి. మీరు గెలవాలి.

ఎడ్నా చార్ల్‌టన్, ప్రెసిడెంటు

తా.క.: పీకాక కొలిచాను. మీదానికన్నా అంగుళం లావు. దాంతో కారప్పుడ్డింగు చేసేశాను, వేడిగా ఉంది, వెంటనే రండి. సాక్ష్యం మిగలకూడదు.