యామ్నా చెవి

నేను, యామ్నా బింత్ హద్దూ, కీర్తిశేషుడు మీమూన్ భార్యను, వయసు డెబ్బై నాలుగు, నివాసం కెతామా కొండల్లో ఐత్ ఉగ్మీర్ గ్రామం. నా మతి నా దగ్గరే ఉంది. మోకాళ్లు పోయాయి, పళ్లు ఆరు మిగిలాయి, మతికి మాత్రం ఢోకా లేదు. ఎవరి బెదిరింపూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా ఇంట్లో కూర్చుని, నా పుదీనా టీ తాగుతూ, దస్తావేజులు రాసే సీ తిజానీ గారి చేత ఈ వీలునామా రాయిస్తున్నాను. కొన్ని మాటలు దస్తావేజులో ఉండకూడదని ఆయన అన్నారు. ఉండాలని నేనన్నాను. కలం ఆయనది, ఆస్తి నాది. అందుకని చెప్పింది చెప్పినట్టే రాస్తున్నారు.

ఒకటి. నన్ను మీమూన్ పక్కనే పూడ్చాలి. గంజాయి పండించాడని ఎనభై నాలుగులో అతన్ని పట్టుకెళ్లి నాలుగేళ్లు జైల్లో పెట్టారు. మొన్నామధ్య సాగుదార్లందరికీ క్షమాభిక్ష వచ్చింది. మీమూన్ పేరు కూడా రాయించండని తాలూకా ఆఫీసుకి వెళ్లి అడిగాను. చచ్చినవాళ్లని క్షమించే కాగితం లేదట. సరే, మేమూ క్షమించలేదని ఇక్కడ రాయించుకుంటున్నాను.

రెండు. షరియా ప్రకారం నా ఆస్తిలో మూడింట రెండు వంతులు నా ఒక్కగానొక్క కొడుకు బూజమాకి వెళ్తాయి. కింది ఇల్లు, ఆలివ్ చెట్లు, నీటి తొట్టి, గాడిద. ఇది నేనిచ్చేది కాదు, ఆపగలిగేదీ కాదు. బూజమా తెతువాన్ పట్నంలో రెండో భార్యతో ఉంటున్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు. నేను ఫోన్ ఎత్తి "బాగున్నాను నాయనా" అని పెట్టేస్తాను. అంతకన్నా ఎందుకు మాట్లాడనో ఏడో అంశంలో తెలుస్తుంది.

మూడు. మిగతా మూడో వంతు నా ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చు, వారసులకు తప్ప. సీ తిజానీ గారు మూడుసార్లు లెక్క చూసి చెప్పారు. ఆ మూడో వంతుని, అంటే గంజాయి జల్లించే జల్లెడ గదినీ, పై మెట్టు చేనునీ, ఆ చేని గింజలు దాచిన మట్టి కుండనీ, మమాత్ బింత్ అల్లూష్‌కి రాస్తున్నాను. మమాత్ నా కొడుకు మాజీ భార్య. విడాకులిచ్చి పన్నెండేళ్లు కావస్తోంది. చట్టం ప్రకారం ఆమె నాకేమీ కాదు. నాతో ఉంటోంది, నాకు తలంటుతోంది, నా మీద కేకలేస్తోంది. ఏమీ కానిది ఇన్ని చేస్తే, అన్నీ అయినవాళ్లు ఏం చేస్తున్నారో చదివేవాళ్లే చూసుకోండి. నా ఊపిరి పోయిన మర్నాడు ఆమెను గడప దాటించాలని చూసేవాళ్లున్నారు. జల్లెడ గది గడప ఇకనుంచి ఆమెది. దాన్ని దాటించే హక్కు ఎవరికీ లేదు.

నాలుగు. పనిముట్లు. రెండు ఆలివ్ కర్రలు, పట్టు జల్లెడ గుడ్డ, రాగి బేసిన్, సరుకు పలకల మీద వేసే దానిమ్మ పువ్వు గుర్తున్న ఇత్తడి ముద్ర, ఇవన్నీ మమాత్‌వే. కర్రల్లో ఒకటి కాస్త పొట్టిది. మీమూన్ జైలుకి పోయిన చలికాలం నేను మొదటిసారి కర్ర పట్టుకున్నాను. జల్లెడ మీద కొట్టడం మగవాళ్ల పని, కోతా మోతా ఆడవాళ్ల పని అని ఊరి కట్టుబాటు. పిల్లాడికి ఆకలేస్తే కట్టుబాటు వండి పెట్టలేదు కదా. కోపంతో కొట్టేసరికి మొదటి రోజే ఆ కర్ర కొస విరిగింది. మార్చలేదు. నా చేతికి అలవాటైంది, మమాత్ చేతికీ అలవాటైంది.

ఇంట్లో సరుకేమైనా ఉందా అని ఈ కాగితం చదివే అధికారులకు అనుమానం రావచ్చు. లేదు. ఉన్నా ఇక్కడ రాయించేంత వెర్రిదాన్ని కాను.

అయిదు. రకాల గురించి. అనుమతి ఉన్న సహకార సంఘం పెట్టాక, పట్నం నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చి సంఘం గోడకి రంగుల పటం తగిలించింది. గంజాయి నుంచి తీసే గాఢమైన సరుకు ఎన్ని రకాలో అందులో ఉంది. పిల్ల మంచిది, మర్యాద తెలిసింది. నా దగ్గర కూర్చుని అడిగి రాసుకుంది కూడా. పటంలో పట్టనివి ఇక్కడ చెబుతాను, మమాత్ తరవాత వచ్చేవాళ్లకి పనికొస్తాయి.

మా తాతలు పొడుగాటి గొట్టంలో పొగాకు కలిపి తాగింది కిఫ్. అది తరిగిన మొక్క, మొక్క నుంచి తీసిన జిగురు కాదు. రెంటినీ ఒకటనుకునేవాళ్లతో వాదించకండి. హిందూదేశపు కొండల్లో పచ్చి మొక్కని అరచేతుల మధ్య నలిపి, చేతికంటిన నల్ల జిగురుని వలుస్తారట. చేతి చెమట కూడా అందులోనే పోతుంది గాని, ఓపిక గల మనుషులు. మా పద్ధతి ఎండబెట్టి జల్లించడం. చలి బాగా ముదిరి, జిగురు పెళుసెక్కాక, గుడ్డ మీద మొక్కలు పరిచి, పైన కప్పేసి కొడతాం. ముందు రాలేది మొదటి జల్లెడ, ఇసక రంగులో ఉంటుంది. వేళ్ల మధ్య పెడితే వేడికే మెత్తబడుతుంది. ఇంకా కొడితే రెండోది. ఇంకా ఇంకా కొడితే మూడోది, ఆకుపచ్చగా. అది జిగురు కాదు, ఆకు పొడి. గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు మంచు నీళ్లలో కలియతిప్పి సంచుల్లో వడకడుతున్నారు. శుభ్రంగానే ఉంటుంది, నేను కాదనను. కాని సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. రెండు వేడి పలకల మధ్య నొక్కి తీసే జిగురు కూడా చూశాను. తేనెలా కారుతుంది, మందులేమీ కలవవు, అదీ మంచిదే. ఇంకోటి గ్యాసుతో తీసేది, అద్దం పెంకులా ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో యంత్రాలతో తీస్తే తీసుకోనివ్వండి, మా మరిది అల్లాల్ కొడుకు వంటగదిలో తీయబోయాడు. కనుబొమ్మలు ఇప్పటికీ సరిగా మొలవలేదు. నా గదిలోకి గ్యాసు సిలిండరు రాకూడదు. ఇది షరతు. మిగతా రకాలు మమాత్ ఇష్టం.

ఇవన్నీ కంటితో నేర్చుకోవచ్చు. మొదటి జల్లెడ ఎక్కడ ఆగాలో మాత్రం కన్ను చెప్పదు, ఎందుకంటే పైన కప్పి ఉంటుంది. చెవే చెప్పాలి. మొదట చప్పుడు బరువుగా, మందంగా ఉంటుంది. ఆకు నలగడం మొదలయ్యేసరికి పలచబడి గలగలలాడుతుంది. ఆ క్షణంలో చెయ్యి ఆగాలి. పది దెబ్బలు ఎక్కువైతే ఆకు దిగుతుంది. ఈ కొండల్లో ఆ క్షణం నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని నలభై ఏళ్లు చెప్పుకున్నారు. పక్క ఊళ్లవాళ్లు నా వాకిట్లో నిలబడి వినిపోయేవాళ్లు. యామ్నా చెవి అనేవాళ్లు.

ఆరు. నా మరిది అల్లాల్‌కి ఒక ఖాళీ గోనెసంచి. నేను కర్ర పట్టిన ఏడాది, సంతలో నలుగురి ముందూ "ఆడదాని చేతికి రాలేది పిండి, సరుకు కాదు" అన్నాడు. ఆ పిండితోనే అతని కూతురి పెళ్లి చేశాను. సంచి ఎందుకో అతనికి తెలుసు. ఇప్పుడు సంఘానికి పెద్ద. సంఘం తరఫున జల్లెడ పట్టే మనిషిని వచ్చే గురువారం ఎన్నుకుంటున్నారు. ఎన్నికైనవాళ్లకే అనుమతి పత్రం, అది లేనిదే ఎవరూ కర్ర పట్టకూడదు. మమాత్ పేరు ఇస్తే, "ఒకసారి ముద్ర చెడగొట్టిన చేతికి జల్లెడ ఇవ్వం వదినా" అన్నాడు. చదవాల్సిన అసలు అంశం కిందదే.

ఏడు. సీ తిజానీ గారు ఇక్కడ కలం ఆపారు. రాయండి అన్నాను.

పన్నెండేళ్ల కింద, జనవరి నెల. సముద్రం అవతలి నుంచి ఏటా వచ్చే పాత బేరగాడు నా ఇంట్లో, ఇప్పుడు నేను కూర్చున్న ఈ చాప మీదే కూర్చున్నాడు. దానిమ్మ పువ్వు ముద్ర వేసిన మొదటి జల్లెడ పలక విరిచి, వేళ్ల మధ్య పెట్టాడు. మెత్తబడలేదు. పొడిపొడిగా రాలింది, లోపలంతా ఆకుపచ్చ. పోసిన టీ తాగకుండా గ్లాసు పళ్లెంలో పెట్టి లేచి వెళ్లిపోయాడు. నా ఇంట్లో టీ తాగకుండా లేచినవాడు అతనొక్కడే. అల్లాల్ ఉన్నాడు, బూజమా ఉన్నాడు. మమాత్ టీ కూజాతో నిలబడి ఉంది.

"ఇది ఎవరు కొట్టారు?" అని బూజమా అడిగాడు.

"మమాత్," అన్నాను.

ఒక్క మాట. మమాత్ నా మొహం చూసింది. ఆ తాగని గ్లాసు తీసి, టీని తిరిగి కూజాలో పోసింది. వారం తిరక్కుండా ఊరంతా తెలిసింది. ఇంటి పరువు తీసిందని బూజమా ఆ వేసవిలోనే విడాకులిచ్చాడు. వాడికి తెతువాన్‌లో ముందే ఒకామె ఉందని నాకు తర్వాత తెలిసింది, ఇది సాకే అయింది. కాని సాకు అందించింది నేను.

ఆ పలక కొట్టింది మమాత్ కాదు. నేను. ఆ చలికాలానికే నా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. చప్పుడు పలచబడటం నాకు వినిపించలేదు. అయిందనుకున్నంత సేపు కొడుతూనే ఉన్నాను. యామ్నా చెవి పోయిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఒక పిల్ల కాపురం కూల్చాను. దీనికి ఇంకో పేరు లేదు.

ఇక్కడితో అయిపోలేదు. మరుసటి చలికాలం నేను మళ్లీ కర్ర పట్టుకున్నాను. భయంగానే పట్టుకున్నాను. మమాత్ వచ్చి నా వెనక కూర్చుంది. కొడుతూ ఉండగా ఆమె అరచెయ్యి నా వీపు మీద పడింది. ఆగాను. తీసి చూస్తే ఇసక రంగు, శుభ్రమైన మొదటి జల్లెడ. మర్నాడూ అంతే. ఏమ్మా, వెనక చేరి ఏం చేస్తున్నావని అడిగాను.

"చలిగా ఉందత్తా. నీ వీపు వెచ్చగా ఉంటుంది," అంది.

అంతే. నేను ఆమెను నిందించానని ఆమెకి తెలుసు. నాకు వినపడదని ఆమెకి తెలుసు. పన్నెండు చలికాలాలు ఆ అరచెయ్యి అలాగే పెట్టింది. ఈ కొండల్లో ఈ పన్నెండేళ్లూ యామ్నా చెవి అని పొగిడినదంతా మమాత్ అరచెయ్యి. నేను కర్రలు ఊపాను, అంతే.

కాబట్టి అల్లాల్, ముద్ర చెడగొట్టిన చెయ్యి నీ ఎదురుగా ఉంది. ఇదిగో, వేలిముద్ర కూడా వేస్తున్నాను. ఆ చేతికి జల్లెడ ఇవ్వకు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మంచి పలకా ఎవరిదో ఇప్పుడు తెలిసింది కనక, జల్లెడ ఎవరికివ్వాలో చెప్పడానికి నీకు నోరు తిరక్కపోతే సంఘాన్నే అడుగు.

బూజమా, నీకు: మమాత్ తప్పేమీ చేయలేదు. నేను చేశాను, తర్వాత నువ్వు చేశావు. నాకు వినపడకే ఫోన్లో రెండు మాటలతో పెట్టేసేదాన్ని. నీ మీద కోపం కూడా కొంత ఉంది. రెండూ నిజమే.

మమాత్, నీకు: నన్ను క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తావు, ఆ పని అంత తేలిగ్గా కాకూడదు. నా గొర్రె ఉన్ని దుప్పటి నువ్వు తీసుకో. నేను లేని చలికాలాల్లో వెచ్చగా ఉంటుంది.

ఎనిమిది. వీలునామా చచ్చాక చదివేది. ఇది అలా కాదు. చచ్చాక చెప్పే నిజానికి ఎవరి పరువూ ఖర్చు కాదు. అందుకని సీ తిజానీ గారు దీన్ని వచ్చే గురువారం సంఘం సమావేశంలో, ఎన్నికకి ముందు, మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదవాలి. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఎవరైనా నవ్వినా, లేచిపోయినా, ఉమ్మినా నాకు కనిపిస్తుంది. చదవనివ్వకపోతే సంత మధ్యలో చదివించుకుంటాను. నన్ను ఆపాలంటే ముందు నన్ను పూడ్చాలి, అప్పుడు ఎలాగూ చదవాల్సిందే.

ఈ వీలునామాలోని అంశాలు మార్చడానికి ఎవరికీ అధికారం లేదు, నాతో సహా.

దస్తావేజు చివర అందరూ రాసే ఒక వరస ఉందట: చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని, సమ్మతించి వేలిముద్ర వేశాను అని. సీ తిజానీ గారు అలవాటు కొద్దీ అదే రాశారు. కొట్టేయించాను. నాకు వినిపించలేదు. ఆయన్ని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, పెదవులు చూసి, అంశానికి అంశం నా నోటితో తిరిగి చెప్పి, అర్థం చేసుకున్నాను. సమ్మతించాను. ఈసారి చెవి లేదని దాచలేదు.

తేదీ: హిజ్రీ 1446 షాబాన్ ఏడు, అనగా 2025 ఫిబ్రవరి ఆరు, గురువారం, మధ్యాహ్నపు నమాజు తర్వాత.

యామ్నా బింత్ హద్దూ, కుడి బొటనవేలి ముద్ర.

రాసినవారు: సీ తిజానీ బెన్ ఖమ్మార్. కొట్టివేత ఒకటి, ఆమె కోరిక మీద.

సాక్షులు:
హమ్మాదీ బెన్ అస్సూ, రొట్టెల పొయ్యి యజమాని.
సీ ఖద్దూర్, తిజానీ గారి తోటి రాతగాడు.
లల్లా షామా, మంత్రసాని. ఆడ సాక్షి అక్కర్లేదని చెప్పినా యామ్నా పట్టుబట్టి పిలిపించినందున. ఆమె రాయించిన మాట: పన్నెండేళ్ల కింద ఆ రోజు వంటగదిలో నేను ఉన్నాను, కూజాతో లోపలికొచ్చిన మమాత్ ఏడ్వలేదని నేను సాక్ష్యం చెబుతున్నాను.