ఆఫ్ నొక్కిన తర్వాత

జూన్ 3
పలకల ఫ్యాక్టరీలో నాయన నడిపే చక్రం రంపానికి నా డ్రైవ్, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె, బిగించాం. ఎంటెక్ ప్రాజెక్టు… కంప్యూటర్లో తప్ప తిరగదనుకున్నది నిజంగా రాయి కోసింది! రాయి గట్టిగా తగిలితే స్పీడు పడిపోకముందే నా ప్రోగ్రాం ఊహించి కరెంటు పెంచుతుంది. పులిజూదంలో ఎదుటివాడి ఎత్తు ముందే చూసుకున్నట్టు. నాయన మొహం చూడాలి.

జూన్ 5
ఓనర్ మురిసిపోతున్నాడు. "మిగతా ఐదింటికీ పెట్టేయ్ పాపా."

జూన్ 6
రాత కుదరడం లేదు.
ఇన్నాళ్లూ పరీక్షకని రంపాన్ని నేనే ఆపాను; ఇవాళ అన్నానికి లేస్తూ నాయన ఆఫ్ నొక్కాడు. రంపం ఇంకా తిరుగుతోంది. అలవాటుగా ఓ పనికిరాని పలక ముక్క తీసి రంపం అంచుకు ఆన్చాడు. మార్కాపురంలో రంపం పట్టినవాళ్లంతా ఇట్లాగే ఆపుతారు. ఆగలేదు. ఎదురు తోసింది. ముక్క ఎగిరి గోడకు కొట్టుకుని పొడి అయింది. బొటనవేలు చీరుకుపోయింది.
"రాయి జారినాది లేమ్మా," అన్నాడు.
జారలేదు. ఆఫ్ నొక్కాక కూడా నా ప్రోగ్రాం మోటారును వదలదు, మెల్లగా ఆపుతుంది. ఆ మధ్యలో ముక్క ఆన్చితే, కోయాల్సిన రాయే అనుకుని ఇంకా బలంగా తోస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను ఆ ముక్క పెట్టడం. ప్రోగ్రాం రాసేటప్పుడు గుర్తే రాలేదు. ఈ ఇంట్లో పుట్టినదాన్ని, నాకే!

జూన్ 7
"ముక్క పెట్టొద్దు నాయనా."
"ఇరవై ఏండ్ల చెయ్యి. నువ్వొద్దంటే మానుతాదా?" నవ్వాడు. గుడ్డ కట్టిన వేలితోనే ముద్ద కలుపుతున్నాడు. తప్పు నాదేనని చెప్పకుండానే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

జూన్ 8
ప్రోగ్రాం మార్చాను. ఆఫ్ నొక్కగానే కరెంటు పూర్తిగా బంద్. కంప్యూటర్లో ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉంది.
మొన్నటిదీ సరిగ్గానే ఉండింది కదా…

జూన్ 9
ఓనర్ ఫోన్ — నేను చెప్పిన కొత్త ప్రోగ్రాం రేపు పొద్దున ఎక్కించాలి, నాయనే నడపాలి. ఆయన పక్క నుంచి నాయన గొంతు: "మా పాప పెట్టింది, భయమేంది!"
ఆ మాటకే నాకు భయం.

జూన్ 10, పొద్దున
అందరికంటే ముందు వచ్చాను. ప్రోగ్రాం ఎక్కింది. రంపం తిప్పి, ఆఫ్ నొక్కి, కర్రను రెండుసార్లు ఆన్చాను — ఆగింది. నాయన పట్టేది కర్ర కాదు.
గేటు దగ్గర ఆయన దగ్గు. లోపలికి వస్తే ముందు ముక్కే తీస్తాడు. ఆయన రాకముందే నేను పలక ముక్క ఆన్చి చూడాలి.
ఎడమ చేత్తో. రాసే చెయ్యి దాచుకుంటున్నాను… సిగ్గుగానే ఉంది.