పేగు లోపలి పల్చని పొర

జూన్ 9
వదిన వచ్చారు, ఈయన అక్కగారు. ఆత్రేయపురం నుంచి అమలాపురానికి ఒంటరిగా, మధ్యలో బస్సు దిగి, మళ్ళీ ఇంకో బస్సెక్కి... ఈయన కారు పంపుతానంటే వద్దన్నారట. గుమ్మంలోనే, "బాత్రూం ఎటే?" అన్నారు. మంచినీళ్ళు కూడా అడగలేదు.

జూన్ 10
వదినకి విరేచనంలో రక్తం పడుతోంది. ఎండాకాలం మొదటినుంచీ. ఎవరికీ చెప్పలేదు.
"పూతరేకులు చేసే మనిషికి కడుపులో జబ్బని తెలిస్తే ఎవరు కొంటారే?"
నాకు కోపం రాలేదు. భయం వేసింది.

జూన్ 14
రాజమండ్రి. కెమెరా గొట్టం వేసి చూశారు. క్యాన్సర్ కాదన్నారు. పెద్దపేగంతా పుండ్లట. ఒంటిని కాపాడే కణాలే పేగు మీద పడ్డాయట.
తిరిగొస్తూ వదిన కారు అద్దంలోంచి గోదావరిని చూస్తూ, "నేనేం తినకూడనిది తిన్నానే, సుజాతా?"
"ఏమీ లేదండీ."
నమ్మలేదు.

జూన్ 15
గంజి తప్ప ఏదీ ముట్టడం లేదు. అన్నం చూస్తేనే భయం. పక్కన కూర్చున్నాను. కాలేజీలో నా బయాలజీ క్లాసులో ఏటా బోర్డు మీద గీసే బొమ్మే — ఇవాళ గీయబుద్ధి కాలేదు, మాటల్లో చెప్పాను. పేగు లోపల ఒక పొర ఉంటుంది, ఒక్క కణం మందం. ఇటు అన్నమూ, సూక్ష్మజీవులూ. అటు కాపలా కణాలు. ఈ పొర ఊరికే అడ్డం నిలబడదు. వచ్చింది తిండా, శత్రువా అని అటువాళ్ళకి కబురు చేస్తూనే ఉంటుంది. తిండైతే ఊరుకోమంటుంది. మీ పేగులో ఆ కబురు అటు అందడం లేదు. పొర చిట్లింది, వాళ్ళు రెచ్చిపోయారు.
వదిన రెండు వేళ్ళ మధ్య ఏదో పట్టుకున్నట్టు పెట్టి చూపారు.
"మా రేకంత ఉంటుందా?"
"ఇంకా పల్చన, వదినా."
"అంత పల్చనిదాన్ని నమ్ముకునా ఇన్నేళ్ళూ తిన్నాను!"
తర్వాత కాస్త పప్పన్నం కలిపి పెట్టమన్నారు. నా చేత్తో.

జూన్ 28
మాత్రలు పనిచేస్తున్నాయి. రక్తం ఆగింది. స్టెరాయిడ్‌కి ముఖం ఉబ్బింది. అద్దం ముందు నిలబడి — "పెళ్ళిలో కూడా ఇంత నిండుగా లేనే!" ఈ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం ఇదే మొదలు.

జూలై 12
మాత్రల మోతాదు తగ్గించారు. మళ్ళీ రక్తం.

జూలై 13
రక్తం. జ్వరం. కాలేజీకి సెలవు పెట్టాను.

జూలై 16
మళ్ళీ రాజమండ్రి. అడ్మిట్ చేశారు. ఇంజెక్షన్లు ఉన్నాయట, కాపలా కణాల దూకుడు తగ్గించేవి. పుండ్లు మానితే పొర మళ్ళీ కట్టుకుంటుంది. కానీ రక్తపరీక్షలో టీబీ జాడ కనబడింది. ఒంట్లో నిద్రపోతోందట. ఇంజెక్షన్ వేస్తే లేచి కూర్చుంటుంది. ముందు దానికి నెలరోజులైనా మందు వాడాలి, అప్పటిదాకా ఈ పేగు ఆగాలి. లేదా పెద్దపేగు తీసేసి, మలం పోవడానికి పొట్ట పక్కన సంచీ.
డాక్టర్ వెళ్ళాక ఈయన, "తీయించేద్దాం అక్కా, బతికుంటే చాలు," అన్నారు.
"సంచీతో పొయ్యి ముందు ఎలా కూచుంటాన్రా?"
ఈయన బయటికెళ్ళి వరండాలో ఏడ్చారు. నేను చూశానని తెలియదు.

జూలై 17
పొద్దున్నే డాక్టర్ వచ్చి, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. వదిన పెదవులు పాలిపోయాయి. చెయ్యి చల్లగా ఉంది.
"నువ్వు పాఠం చెప్పేదానివి కదే. నీ పేగైతే ఏం చేద్దువు?"
పొర సంగతి చెప్పగలను. కబురు ఎందుకు ఆగుతుందో కొంత చెప్పగలను. ఈవిడ పేగు అన్నాళ్ళు ఆగుతుందో లేదో — తెలియదు.
"తెలియదు వదినా," అన్నాను.
"ఆయ్," అన్నారు మెల్లగా. కళ్ళు మూసుకున్నారు. నా చెయ్యి వదల్లేదు, ఎడమచేత్తో ఇది రాస్తున్నాను. సాయంత్రమైంది. అడుగుల చప్పుడు... జవాబు కోసం డాక్టరే అనుకుంటా.