జిరాక్సు మిషన్లో మిగిలిపోయిన కాగితాలు

అరవై ఎనిమిదేళ్ల వయసున్న నేను, జిరాక్సు కొట్టు యజమానిని, ఎవరి బలవంతమూ లేకుండా, మతి నిలకడగా ఉండి, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. కోపంలో రాశానని రేపెవరైనా దీన్ని చెల్లదనిపించాలని చూస్తే, అవును, కోపంలోనే రాశాను. కోపం వేరు, మతి చెడడం వేరు.

1. కొట్టు, అందులోని లామినేషన్ మిషను, బైండింగ్ సామాను, బల్లలు నా కూతురికి చెందుతాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా తనదే. కౌంటరు వెనక మెత్త కుర్చీ మాత్రం వాళ్లమ్మది. ముప్పై ఏళ్లు, నేను భోంచేసొచ్చేదాకా ఆవిడ నిలబడే కొట్టు చూసింది. కూర్చోమని ఒక్కనాడూ అనలేదు. సిగ్గుగా ఉంది.

2. ఇంటి వెనక గది, స్కూటరు నా తమ్ముడికి. కొట్టులో మాత్రం వాడు అడుగు పెట్టరాదు. కారణం కింద రాస్తున్నాను.

3. మూడేళ్ల కిందట మా పాత జిరాక్సు మిషన్ని వాడు పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. దాని కడుపులో హార్డ్ డిస్కు ఉంటుందనీ, గాజుపలక మీద పెట్టిన కాగితమల్లా అందులో నిలిచిపోతుందనీ మాకు తెలీదు. పన్నెండేళ్లు సర్వీసింగుకొచ్చిన మెకానిక్కుకి తెలుసు. వచ్చినప్పుడల్లా నా టీ తాగి, టోనరు గురించి గంటసేపు ఊదరగొట్టిన మనిషి, ఈ ఒక్క ముక్క చెప్పలేదు. నా ఆస్తిలో వాడికి స్టేప్లర్ పిన్ను కూడా చెందదు.

4. ఎవడో ఆ డిస్కు విప్పి కాగితాలు బయటికి లాగాడు. మా వీధి చివరి బడిలో లెక్కల టీచరు సెలవు కోసం జిరాక్సు తీయించుకున్న ఆస్పత్రి రిపోర్టు అందరి ఫోన్లలో తిరిగింది. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఊరంతా చదివింది చాలు. ఆవిడ క్లాసులో మా పిల్లల్ని కూర్చోబెట్టేది లేదన్నారు తల్లిదండ్రులు. బడివాళ్లు ఆవిణ్ని ఇంటికి పంపేశారు. ఆవిడ చేసిన తప్పల్లా నా కొట్టుకు రావడమే.

"నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారులే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. మొన్న మళ్లీ, ఇప్పుడున్న మిషన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేద్దామని మొదలుపెట్టాడు. అన్నీ డిలీట్ కొట్టేశాడట. విషయసూచిక చింపేస్తే పుస్తకం పోతుందా?

5. ఒక సంగతి ఒప్పుకోవాలి. పాత మిషన్ ఇచ్చేసిన రోజు నేను కంటి ఆపరేషనయి పడుకుని ఉన్నాను. వాడు ఫోన్ చేసి, "ఇందులోంచి తీయాల్సిందేమైనా ఉందా అన్నయ్యా?" అని అడిగాడు. "జిరాక్సు మిషన్లో ఏముంటుందిరా, పంపించెయ్" అన్నది నేనే. మూడేళ్లుగా నలుగురి ముందూ వాణ్ని తిట్టాను గానీ ఈ మాట మింగేశాను. కాబట్టి రెండో అంశంలోని నిషేధాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నాలుగో అంశంలోని కోపం మాత్రం అలాగే ఉంటుంది.

6. ఇప్పుడున్న మిషన్లో మూడేళ్ల కాగితాలున్నాయి. నేను పోయిన పదిరోజుల్లోగా నా కూతురు దాని డిస్కు విప్పించి, డ్రిల్లింగ్ మిషన్తో నాలుగు బెజ్జాలు పెట్టించి, అది కళ్లారా చూశాకే మిషన్ని గుమ్మం దాటనివ్వాలి. (ఈ అంశం కొట్టివేయడమైనది.)

ఎందుకు కొట్టివేశానంటే, నిన్న టీచరుగారింటికి వెళ్లాను. ఆవిడ పేర ఏదైనా రాద్దామనుకుంటే, "మీ ఆస్తి నాకెందుకండీ" అన్నారు. పోనీ సాక్షిగా ఉండమన్నాను. కాగితాలన్నీ చదివి, ఆరో అంశం మీద వేలు పెట్టి, "మీరు పోయేదాకా వీళ్లందరి కాగితాలూ ఇందులో ఉండాలా?" అని అడిగారు. అక్కడికక్కడే ఆ అంశం కొట్టేశాను.

ఈ ఉదయం పదింటికి కొట్టులోనే డిస్కు విప్పించాం. మొదటి బెజ్జం ఆవిడే పెట్టారు. మిషన్ మూలపడింది. పడనీ.

తేదీ: మార్చి పదిహేడు, మంగళవారం.

(సంతకం) జిరాక్సు కొట్టు యజమాని

సాక్షులు:
1. పక్క కొట్టు తాళాల పనివాడు. డ్రిల్లింగ్ మిషన్ ఇతనిదే.
2. లెక్కల టీచరు. ముందు "మాజీ" అని రాశాను. ఆవిడ పెన్ను తీసుకుని కొట్టేశారు.