మాబున్ని అవ్వ చెయ్యి

27 మే 1978
ఆదోని నుంచి మందు తెచ్చాను. పోయినేడు మిరప వేర్లకు బుడిపెలు కట్టించిన పురుగు దీనితో చస్తుందట. నారుమడిలో జానకో బొక్క పొడిచి, మందు పోసి, మన్ను కప్పాను. లోలోపల పొగలా పాకుతుందట. "మూడు వారాలు గింజ ఏయొద్దన్నా. నడుమ తవ్వి ఆరబెట్టల్ల." అంగడాయన రెండుసార్లు చెప్పాడు.

7 జూన్
మాబున్ని అవ్వ రేపు మాధవరం పోతోంది. కూతురికి ఒళ్లు బాగాలేదట, నెల దాకా రాదు. ఆమె చెయ్యి మంచిదని ఊళ్లో ఎవరి నారుమడిలోనైనా మొదటి పిడికెడు గింజ ఆమె చల్లాల్సిందే. ఆమె చెయ్యి పడకుండా నేనెప్పుడూ నారు పోయలేదు... మూడు వారాలంటే ఎట్లా? మడి తవ్వి ఆరబెట్టనూ లేదు.

8 జూన్
పొద్దున్నే పిలుచుకొచ్చాను. అవ్వ వంగి, ఆగింది. "ఏమప్పా, మన్ను ముక్కు మండిస్తాండాదే?" కొత్త ఎరువని చెప్పాను. నమ్మి చల్లింది.

21 జూన్
మడి నడుమ మొలకే లేదు. వచ్చిన నాలుగూ పసుపుపచ్చగా, కొసలు మాడి. మందు పోయని గట్టువార మాత్రం ఒత్తుగా, పచ్చగా ఉంది. చూడగానే తెలిసిపోయింది, మొలకను చంపింది మందేనని. ఎవరూ రాకముందే ఆ పచ్చని నారంతా పీకేశాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

25 జూన్
టీ అంగట్లో అందరి ముందూ వీరన్న అన్నాడు — "ముసిలామె సెయ్యి సచ్చిపోయింది." అందరూ నా వైపు చూశారు. టీ తాగాను.

12 జూలై
అవ్వ తిరిగొచ్చింది. ఉల్లి నారు పోసే రోజులు. ఒక్కరూ పిలవలేదు.

14 జూలై
అవ్వే నా మడి దగ్గరికి వచ్చింది. "నా సెయ్యి వల్లనేనా అప్పా? నువ్వు సెప్తే నమ్ముతా." వానలు ఎక్కువయ్యాయన్నాను. వాన పడిందెక్కడ? ఛీ.

15
మడి తిరగదవ్వాను. వాసన పోయింది. ఎమ్మిగనూరు నుంచి ఉల్లి గింజలు తెచ్చి అవ్వ గడప ముందు నిలబడ్డాను. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. "వద్దప్పా. నీ మడి రెండోసారి పాడు సేయలేను." చెప్పాల్సింది అప్పుడే. గింజల మూట చంకన పెట్టుకుని వచ్చేశాను.

17
వీరన్న మడి దగ్గర అందరూ చేరారు. వేరే ఆమెతో గింజ చల్లిస్తున్నారట. అవ్వ కూడా పోయి దూరంగా నిలబడి చూస్తోందట. చెప్పులేసుకున్నాను. ఇంకా గడప దాటలేదు...